ముందు ఆగమని చెప్పే సేవ: వార్ మెమోరియల్స్ ట్రస్ట్

ఇంగ్లండులో మేముండే పేట పార్కులో, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన స్థానికుల పేర్లు చెక్కిన సున్నపురాతి శిలువ ఒకటి ఉంది. మెట్ల సందుల్లో గడ్డి మొలిచి, ఉత్తరం వైపు పలక మీద నాచు పేరుకుని, కొన్ని పేర్లలో చివరి రెండు మూడు అక్షరాలే మిగిలాయి. పార్కు బాగోగులు చూసే మా స్వచ్ఛంద బృందం దానిని బాగుచేయించాలని తలపెట్టినప్పుడు, అసలు ఎవరిని అడగాలన్నదే మొదటి చిక్కు అయింది. ఇటువంటివన్నీ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ సంస్థ పని ప్రధానంగా సైనికుల సమాధులకూ, తాను కట్టించిన స్మారకాలకూ పరిమితం. 1923 నాటి చట్టం స్థానిక సంస్థలకు స్మారకాలపై ఖర్చుపెట్టే అధికారాన్ని ఇచ్చిందే తప్ప, ఖర్చుపెట్టి తీరాలని చెప్పలేదు. ఈ వెలితిని కొంతవరకు పూడ్చేది 1997లో మొదలైన వార్ మెమోరియల్స్ ట్రస్ట్ అనే ధార్మిక సంస్థ.

ఈ ట్రస్ట్ ఇచ్చే సలహాకు రుసుము లేదు. రాయి, లోహం, అక్షరాలు, మొక్కలు అంటూ విడివిడిగా ఇచ్చిన మార్గదర్శకాలే నా దృష్టిలో ఈ సేవలో అత్యంత విలువైన భాగం. వాటిలో సగం చేయకూడని పనుల గురించే ఉంటుంది. మేము మొదట పిలిచిన కాంట్రాక్టరు నీటిని ఒత్తిడితో చిమ్మే ప్రెషర్ వాషర్ తెచ్చి కింది మెట్టు మీద ప్రయత్నించి చూపగా, రాయి తళతళలాడింది, కానీ వేలితో రాస్తే పిండిలా పొడి అంటుకుంది. సున్నపురాతికి కాలక్రమంలో ఏర్పడే గట్టి పైపొర లేచిపోతే లోపలి మెత్తదనం వానకూ మంచుకూ దొరికిపోతుందనీ, అతుకుల్లో సిమెంటు నింపితే తేమ బయటికి పోయే దారిలేక రాయే పెచ్చులూడుతుందనీ, అందుకే సున్నపు గచ్చు వాడాలనీ ఆ మార్గదర్శకాలు చదివాకే మాకు బోధపడింది. ఆగస్టు పదిహేను వస్తోందంటే స్తూపానికి ఎనామిల్ పెయింటు పూసే మన ఊళ్ళలోనూ ఈ మాట చెప్పేవారుంటే బాగుండును.

ట్రస్ట్ ఇచ్చే ఆర్థిక సహాయం మాత్రం అందరికీ అందుతుందని ఆశించరాదు. నిధులు పరిమితం, పని మొదలుపెట్టాక దరఖాస్తు చేసుకుంటే ప్రయోజనం ఉండదు, స్మారకం రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే స్థానిక కౌన్సిల్ అనుమతి వేరుగా తీసుకోవాలి. దాని యజమాని ఎవరో తేల్చుకోవడం కూడా మన పనే, పాత పార్కుల విషయంలో అదేమీ చిన్న పని కాదు. మేస్త్రీని పంపి పని పూర్తిచేయించే సంస్థ కోసం చూసేవారికి ఇది నిరాశే మిగులుస్తుంది.

ఈ ట్రస్ట్ నడిపే వార్ మెమోరియల్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో స్మారకం ఫొటోలు పెట్టి, దాని స్థితి బాగుందో, పాడైపోయిందో ఎవరైనా నమోదు చేయవచ్చు. దరఖాస్తు ఆలోచన ఉన్నా లేకపోయినా, కడగడానికి నీటి చుక్క పడకముందే పలకలన్నిటినీ ఏటవాలు ఎండలో దగ్గరగా ఫొటోలు తీసి అక్కడ పెట్టండి; మామూలు వెలుగులో కనబడని అక్షరాలు ఆ నీడల్లో చదవడానికి వీలవుతాయి.