సర్ బెవిల్ గదికి 164 పౌండ్లు, ఆయన పడిపోయిన కొండకి ఉచితం

ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ తీరాన ఉన్న బ్యూడ్ వైపు వెళ్లేవాళ్లెవరైనా సరే, యాప్‌లో "చారిత్రక భవనంలో బస" అని కనిపిస్తే ముందు ఆ భవనం ఇంకా భూమ్మీద ఉందో లేదో చూసుకోండి. నవ్వులాటకి అనడం లేదు. మేం రాత్రికి 164 పౌండ్ల చొప్పున రెండు గదులు తీసుకున్నది సర్ బెవిల్ గ్రెన్‌విల్ ఉన్న ఇంట్లో పడుకుందామని. ఆ ఇంటిని పడగొట్టి మూడొందల నలభై ఏళ్లు దాటింది.

ఈ బెవిల్ పిచ్చి మా మామయ్య గారిది. బొబ్బిలి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు, వేసవికి అత్తయ్య గారితో కలిసి రీడింగ్‌లో మా ఇంటికి వచ్చారు. లండన్ చూపిస్తాం అంటే అక్కర్లేదన్నారు. 1640ల్లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగినప్పుడు రాజు పక్షాన నిలబడ్డ ఈ కార్న్‌వాల్ జమీందారు ఎలా బతికాడో, ఎలా పోయాడో ఆ ఊళ్లలో తిరిగి చూడాలన్నారు. బొబ్బిలి కోట కథ వింటూ పెరిగిన మనిషి కదా, జమీందార్లు, ముట్టడులు అంటే ఆయనకి నిద్ర పట్టదు. అదీ పుట్టిన చోటు ముందు, పోయిన చోటు ఆఖర్న అనే వరసలోనే చూడాలట. అలా మొదట కార్న్‌వాల్, వచ్చేటప్పుడు బాత్ పక్కన ఆయన యుద్ధంలో పడిపోయిన లాన్స్‌డౌన్ కొండ అని ప్లాన్ వేసుకున్నాం. ఎక్సెటర్ దాటి ఓక్‌హాంప్టన్, హోల్స్‌వర్తీ మీదుగా బ్యూడ్ చేరాం, దారిలో చెప్పుకోవాల్సిందేం లేదు.

ఇక ఆ బస. యాప్‌లో ఫొటోలో రాతి గోడలు, నల్లటి చెక్క పలకలు, కింద "గ్రెన్‌విల్ కుటుంబపు ఇల్లు, సముద్రం కనిపించే గదులు" అని రాత. వెళ్లి చూస్తే రాతి ఇల్లు ముందుంది, అందులో ఓనర్ ఉంటాడు. మాకిచ్చినవి వెనకాల పెంకుల షెడ్డులాంటి దాంట్లో, తలుపు మీద "సర్ బెవిల్ గది" అని ఇత్తడి పలక. సముద్రం కనిపించే మాట నిజమే, టాయిలెట్ కిటికీలోంచి, స్టూలెక్కితే. హీటర్‌కి నాణేలు వెయ్యాలి. బ్రేక్‌ఫాస్ట్ కలిపి అనుకున్నాం, తీరా అడిగితే మనిషికి 14 పౌండ్లు, అందులో మాంసం తీసేస్తే మిగిలేది రెండు టోస్టులూ ఒక టమాటా. అత్తయ్య గారు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఆ తడి కార్పెట్ మీద అడుగు పెట్టి మళ్లీ తొడుక్కున్నారు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, ఎందుకంటే బుక్ చేసింది నేను.

మామయ్య గారు మాత్రం కోపం తెచ్చుకోకుండా ఓనర్ని పిలిచి పాఠం మొదలెట్టారు. బెవిల్ ఉన్న స్టో ఇల్లు ఇక్కడికి ఉత్తరాన, కిల్క్‌హాంప్టన్ దగ్గర కదా అన్నారు. ఆయన కొడుకు జాన్ ఎర్ల్ ఆఫ్ బాత్ అయ్యాక 1679 ప్రాంతంలో ఆ పాతది తీసేసి పెద్ద భవంతి కట్టాడు, దాన్నీ 1739లో కూలగొట్టి సామాను ముక్కలు ముక్కలుగా అమ్మేశారు, మెట్ల వరస ప్యాడ్‌స్టోలో ప్రిడో ప్లేస్‌కి పోయింది, మరి ఇది ఏ ఇల్లు? ఓనర్ కాస్త తడబడి, ఈ చెక్క పలకలు ఆ భవంతివేనని మా తాత చెప్పేవాడు అన్నాడు. "ఒకవేళ అవే అనుకుందాం బాబూ, అవి కొడుకు కట్టించిన ఇంటివి. తండ్రి 1643లోనే పోయాడు. చచ్చిపోయాక ముప్పై ఆరేళ్లకి కట్టిన గదిలో ఎలా పడుకున్నాడు?" నేను ఇంగ్లీషులో చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. ఓనర్‌కి రాలేదు. అది మార్కెటింగ్ కోసం రాసింది, ఎవరూ ఇంత లోతుగా అడగరు, ఇష్టం లేకపోతే వెళ్లొచ్చు, డబ్బు మాత్రం తిరిగి రాదు అన్నాడు. ఇంటి పేరుతో ముసలాళ్లని మోసం చెయ్యడానికి సిగ్గుండాలి.

మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి లోపల వైపు ఒక పాడిరైతు ఇంట్లో గదులు తీసుకున్నాం. గదికి 95, బ్రేక్‌ఫాస్ట్ కలిపి. ఆ ఇంటావిడ మా కోసం గుడ్లు లేకుండా పాన్‌కేకులు వేసింది, పుట్టగొడుగులు విడిగా వేయించింది, పక్కన మేం తెచ్చుకున్న కారప్పొడి చూసి తనూ కొంచెం రుచి చూసి నీళ్లు తాగింది. అత్తయ్య గారు అక్కడ మొదటిసారి నవ్వారు.

కిల్క్‌హాంప్టన్ చర్చి తప్పకుండా చూడండి. ప్రవేశం ఉచితం, డబ్బాలో 5 పౌండ్లు వేశాం. దక్షిణపు ద్వారం నార్మన్ల కాలంది, బెంచీల చివర్లు మొత్తం చెక్కుడు పనే. బెవిల్ సమాధి ఇక్కడే, 1643 జూలై 26న లాన్స్‌డౌన్ నుంచి శవాన్ని అంత దూరం తెచ్చి పూడ్చారు. అక్కణ్ణుంచి స్టో వెళ్తే పొలాలు, గట్లు, ఒక ఫారం ఇల్లు, అంతే. దూరంగా కొండ మీద ప్రభుత్వ నిఘా సంస్థ తెల్లటి డిష్‌లు కనిపిస్తాయి. ఇందుకా ఇంత దూరం వచ్చింది అని మా ఆవిడ అంది. నిజమే, చరిత్ర తెలియకపోతే అక్కడ దిగడం వృథా, కిందకి పోయి డక్‌పూల్ బీచ్‌లో కూర్చోండి.

తెలిస్తే మాత్రం ఆ గట్లు వేరేగా కనిపిస్తాయి. ఈ బెవిల్ మొదట్నుంచీ రాజభక్తుడేం కాదు. పార్లమెంటులో సర్ జాన్ ఎలియట్‌కి ప్రాణస్నేహితుడు, రాజు చార్లెస్‌ని ఎదిరించే గుంపులో వాడు. ఆ ఎలియట్ 1632లో లండన్ టవర్ జైల్లోనే చనిపోయాడు. అలాంటి మనిషి 1639కల్లా రాజు వెంట స్కాట్లండ్ సరిహద్దుకి బయల్దేరాడు. రాజు జెండా మైదానంలో ఎగురుతుంటే తలుపు వేసుకుని ఇంట్లో కూర్చోలేనని స్నేహితుడికి రాసుకున్నాడు. ఎందుకు మారాడన్న దాని మీద మామయ్య గారూ నేనూ పొలం గట్టు మీద గంటసేపు వాదించుకున్నాం. జమీందారుకి రాజు అనేవాడు పోతే రేపు తన గతేమిటన్న భయం ఉంటుందని నా వాదన. పరువు అని ఆయన వాదన.

ఏదైనా, ఖర్చు మాత్రం సొంత జేబులోంచే పెట్టాడు. కార్న్‌వాల్ స్థానిక దళాలు తమ సరిహద్దు టేమర్ నది దాటి రామంటే, గ్రెన్‌విల్, స్లానింగ్, ట్రెవానియన్ లాంటి భూస్వాములు సొంత డబ్బుతో, తమ కౌలుదార్లతో దళాలు కట్టారు. ఇంటి దగ్గర బెవిల్ భార్య గ్రేస్ ఎస్టేటూ అప్పులూ పిల్లలనీ చూసుకుంటూ ఉండేది, వాళ్లిద్దరి ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. 1643 జనవరి 19న బ్రాడక్ డౌన్ యుద్ధంలో గెలిచాక కూడా ఈయన మొదట చేసింది ఆవిడకి ఉత్తరం రాయడమే.

స్ట్రాటన్ బ్యూడ్‌ని ఆనుకునే ఉంటుంది. అక్కడి ట్రీ ఇన్ అనే పాత సత్రం గోడ మీద 1643 మే 16న రాజు వైపువాళ్లు గెలిచిన యుద్ధం గురించి రాతిపలక ఉంది. కొండ మీద పార్లమెంటు సైన్యం వీళ్లకి రెట్టింపు, కింద వీళ్లకి మందుగుండు అయిపోవచ్చింది, ఆ సంగతి సైనికులకి చెప్పకుండా బల్లేలతో పైకి పంపి గెలిచారు. బెవిల్ నౌకరు ఆంథొనీ పేన్ 7 అడుగుల 4 అంగుళాల మనిషట, ఆ ఇన్‌లోనే పోతే శవపేటిక మెట్ల మీద పట్టక నేల కోసి దించారని చెప్పుకుంటారు. చీజ్, ఉల్లిపాయ పెట్టిన పాస్టీ (మన కజ్జికాయలాంటి కార్న్‌వాల్ వంటకం) ఆ ఊళ్లో 4.80 పౌండ్లకి తిన్నాం, వేడిగా, మిరియాలు దండిగా, బాగుంది.

వచ్చేటప్పుడు లాన్స్‌డౌన్. నిజానికి ఈ ట్రిప్ మొత్తంలో ఇదొక్కటి చాలు. రోడ్డు పక్కన చిన్న చోటులో కారు పెట్టి గడ్డిలో కొద్దిగా నడిస్తే బెవిల్ మనవడు 1720లో కట్టించిన స్మారకం వస్తుంది, పైన గ్రిఫిన్ (గద్ద తల, సింహం ఒళ్లు) బొమ్మ. టికెట్ లేదు, గేటు లేదు, టాయిలెట్టూ లేదు, అది ముందే చూసుకోండి. అంచుకి వెళ్లి కిందకి చూస్తే అప్పుడు తెలుస్తుంది ఆ కొండ ఎంత నిటారో. 1643 జూలై 5న పైన పార్లమెంటు సేనాని వాలర్ ఫిరంగులు పెట్టుకుని కూర్చున్నాడు. రాజు వైపు సేనాని హాప్టన్ ఈ వాలర్‌కి పాత స్నేహితుడే, మూడు వారాల ముందే వాలర్ అతనికి ఈ యుద్ధం తనకెంత అసహ్యమో ఉత్తరం రాశాడు. రాజు వైపు 2,000 మంది గుర్రపు దళంలో ఆఖరికి 600 మందే మిగిలారంటారు, అయినా కార్న్‌వాల్ బల్లెం వాళ్లు బెవిల్ వెనకాల ఎక్కారు. అంచు దగ్గరే ఆయన తలకి దెబ్బ తగిలింది. 15 ఏళ్లు కూడా నిండని కొడుకు జాన్‌ని పేన్ ఎత్తి తండ్రి గుర్రం మీద కూర్చోబెట్టాడని కథ. రాత్రి వాలర్ తన సైన్యం ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపించేలా గోడ మీద వెలిగించిన తుపాకీ వత్తులు వదిలేసి చల్లగా బాత్‌లోకి జారుకున్నాడు. గెలిచినవాళ్లకి దక్కిందేమిటంటే ఖాళీ కొండ. మర్నాడు మందుగుండు బండి పేలి హాప్టన్‌కీ కాలింది. ఆ ఏడాది తిరక్కుండానే గ్రెన్‌విల్, గొడోల్ఫిన్, స్లానింగ్, ట్రెవానియన్ నలుగురూ పోయారు, రాజు రథానికి నాలుగు చక్రాలని కార్న్‌వాల్ జనం పాడుకున్నది వీళ్ల గురించే.

మామయ్య గారు గాలికి మఫ్లర్ చుట్టుకుని ఆ శాసనం ఒక్క అక్షరం వదలకుండా చదివారు. బెవిల్‌ని మోసుకెళ్లిన కోల్డ్ ఆష్టన్ కొన్ని మైళ్లే, చర్చి చూసి వచ్చేశాం, ఆయన ప్రాణం విడిచిన ఫాదర్ గారి ఇల్లు చూసే వీలు లేదు.

డబ్బు సంగతి: యాప్ వాళ్లతో ఈమెయిళ్లు నడిపి నడిపి 120 పౌండ్లు వెనక్కి రాబట్టాను, పెట్రోలు 86 అయింది. బాత్ ఊళ్లోకి వెళ్లాలంటే లాన్స్‌డౌన్ మీదే పార్క్ అండ్ రైడ్ ఉంది, క్లీన్ ఎయిర్ జోన్ (పొగ వదిలే బళ్లకి రుసుము వేసే ప్రాంతం) అని టెన్షన్ పడకండి, సొంత కార్లకి చార్జీ లేదు. మేం మాత్రం వెళ్లలేదు, అత్తయ్య గారు ఇంటికెళ్లి చారన్నం తినాల్సిందే అన్నారు.