ఆకు బొమ్మ చూసి కాగితం కొనకండి, నేను కొని మోసపోయాను

పెద్దమొత్తంలో కాగితం కొనేవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవండి. పిల్లల బొమ్మల పుస్తకం అచ్చు వేయిద్దామని కొన్న కాగితం విషయంలో నేను ఘోరంగా మోసపోయాను.

"పూర్తిగా తోటల్లో పెంచిన అకేషియా చెట్ల కాగితమండీ, అడవి జోలికే పోలేదు" అన్నాడు అమ్మినాయన. కట్టల మీద పచ్చటి ఆకు బొమ్మ, ఎఫ్‌ఎస్‌సీ గుర్తు (అడవులను బాధ్యతగా చూసుకునే చోటు నుంచి కలప వచ్చిందని ధ్రువీకరించే అంతర్జాతీయ సంస్థది), కింద కోడ్ కూడా ఉన్నాయి. నమ్మాను. సరుకు దిగాక బిల్లు చూస్తే అందులో ఎఫ్‌ఎస్‌సీ అన్న మాటే లేదు. అనుమానం వచ్చి ఆ కోడ్‌ని ఎఫ్‌ఎస్‌సీ వెబ్‌సైట్‌లో వెతికాను. అది వేరే కంపెనీది, పైగా రద్దయిపోయింది. అడిగితే ప్యాకింగ్‌లో పొరపాటు అన్నాడు. మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

2010లో అమెరికాలో రెయిన్‌ఫారెస్ట్ యాక్షన్ నెట్‌వర్క్ అనే అడవుల రక్షణ సంస్థ 30 పిల్లల పుస్తకాల కాగితాన్ని పరీక్ష చేయిస్తే, 18 పుస్తకాల్లో ఇండోనేషియా అడవుల నరికివేతతో ముడిపడ్డ కలప పీచు దొరికింది. అది గుర్తొచ్చి నేనూ రెండు షీట్లు ల్యాబ్‌కు పంపాను. మైక్రోస్కోప్ కింద పీచు చూసి చెప్పే పరీక్ష ఇది. అకేషియాతో పాటు ఉష్ణమండల అడవుల్లోని రకరకాల చెట్ల పీచు కలిసి ఉందని రిపోర్ట్ వచ్చింది. తోటలో పెంచేది ఒకటి రెండు రకాలే. ఇన్ని రకాలు కలిశాయంటే ఎక్కడో సహజమైన అడవి మిల్లుకు చేరినట్టే.

ఆ చెట్లను దొంగతనంగా కొట్టారో లేదో ఈ పరీక్ష తేల్చదు, కాబట్టి ఆ మాట నేను అనను. కానీ నా భయానికి కారణం ఉంది. సుమత్రా, బోర్నియో దీవుల చిత్తడి అడవుల్లో రామిన్ అనే చెట్టు ఉంటుంది. దాన్ని నరకకూడదని ఇండోనేషియా 2001లోనే నిషేధం పెట్టింది. 2004లో ఆ చెట్టు సైటీస్ (అరుదైన జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో చేరింది, అంటే పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. అయినా 2012లో సుమత్రాలోని పెరావాంగ్ కాగితపు గుజ్జు మిల్లు యార్డులో రామిన్ దుంగలు ఉన్నాయని పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ బయటపెట్టింది. దుంగగా ఉన్నప్పుడు దొరికింది కాబట్టి సరిపోయింది. ముక్కలు చేసి, ఉడికించి, మిగతా కలపతో కలిపేశాక అందులో రామిన్ ఉందో లేదో కొనేవాళ్లకు ఏం తెలుస్తుంది? ఆ అడవులు కొట్టేటప్పుడు కాలువలు తవ్వి నీళ్లు తీసేస్తారు. ఎండిన పీట్ నేలకు (సగం కుళ్లిన ఆకులు, కొమ్మలు పేరుకున్న నేల) నిప్పంటుకుంటే లోలోపల వారాల తరబడి కాలుతుంది. 2015లో ఆ పొగ సింగపూర్, మలేషియా దాకా కమ్మింది. అలాంటి చోటు నుంచి వచ్చిందేమో అనిపిస్తున్న కాగితం మీద పులి బొమ్మ అచ్చు వేసి పిల్లల చేతికివ్వడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే చెబుతున్నాను, ఆకు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌సీ గుర్తు పక్కన సీ అక్షరం, ఆరంకెలు ఉన్న కోడ్‌ని ఆర్డర్‌కు ముందే వెతికి, పేరు, గడువు సరిచూసుకోండి. మీకు అమ్మేవాళ్ల సొంత కోడ్, ఎఫ్‌ఎస్‌సీ సరుకే అన్న మాట బిల్లు మీద రాసిస్తారా అని అడగండి. నసిగితే వదిలేయండి. ఎఫ్‌ఎస్‌సీ గుర్తు మీద "మిక్స్" అని ఉంటే పీచంతా సర్టిఫైడ్ అడవిదే అనుకోవద్దు. వీలైతే పూర్తిగా రీసైకిల్ చేసిన కాగితం తీసుకోండి.

నా సరుకు కట్టలు విప్పకుండా అలాగే ఉంది. డబ్బు కోసం రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాను. ల్యాబ్ రిపోర్ట్ కాపీ కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను.