కప్పడోకియా బెలూన్ టికెట్లు కొనేవారికి: "వాతావరణం బాగాలేదు" అంటే వెంటనే నమ్మకండి

టర్కీలోని కప్పడోకియాలో బెలూన్ ఎక్కాలని టికెట్లు వెతుకుతున్నవారు ఇది చదివాకే డబ్బు కట్టండి. గాలి ఎక్కువై బెలూన్లు ఎగరకపోతే ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మాకు జరిగింది అది కాదు. ఆకాశం నిండా బెలూన్లు తేలుతున్న ఉదయమే "వాతావరణం బాగాలేదు, మీ ప్రయాణం రద్దయింది" అని ఏజెన్సీ నుంచి వాట్సాప్ సందేశం వచ్చింది. మా సీట్లు అదే ఉదయం ఎక్కువ ధరకు ఇంకెవరికో అమ్ముడయ్యాయని నా గట్టి అనుమానం.

ముందు అక్కడి పద్ధతి తెలుసుకోవాలి. ఎగరాలా వద్దా అన్నది కంపెనీల ఇష్టం కాదు. తెల్లవారకముందే గాలి తీరు చూసి పౌర విమానయాన అధికారుల తరఫున జెండా ప్రకటిస్తారు. పచ్చ జెండా అయితే ఎగరవచ్చు, పసుపు అయితే వేచి చూడాలి, ఎరుపు అయితే ఆ పూటకు ఇంతే సంగతులు. బెలూన్‌కు స్టీరింగు ఉండదు. పైలట్ బర్నర్ మండించి పైకీ, వేడి గాలి వదిలి కిందికీ వెళ్తూ తనకు కావలసిన వైపు వీచే గాలి పొరను వెతుక్కుంటాడు. ఎండెక్కి నేల వేడెక్కితే గాలి ఎగదన్నడం మొదలవుతుంది కాబట్టే అందరినీ చీకటితో లేపి తీసుకెళ్తారు. 2013 మే నెలలో అక్కడే ఒక బెలూన్ ఇంకో దాని బుట్టకు తగిలి చిరిగిపోయి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఈజిప్టులోని లక్సర్‌లో బెలూన్‌కు మంటలు అంటుకుని 19 మంది చనిపోయారు. కాబట్టి నిజమైన ఎర్ర జెండా పడితే గొణుక్కోకుండా వెళ్లి పడుకోవడమే మంచిది.

మేము ఏప్రిల్ నెలాఖరులో కప్పడోకియాలోని గోరెమె అనే ఊళ్లో దిగేసరికి గాలి జోరుగా ఉంది, నిజంగానే ఎర్ర జెండా పడింది. ఏజెన్సీ మర్యాదగానే తేదీ మార్చింది. గాలి తగ్గాక ఒక రాత్రి, "తెల్లవారుజామున 4:30కు వ్యాన్ వస్తుంది, సిద్ధంగా ఉండండి" అని సందేశం వచ్చింది. మా అమ్మ స్వెటర్ మీద శాలువా కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని రిసెప్షన్ సోఫాలో కూర్చుంది. బయట ఏ వ్యాన్ లైటు కనబడినా లేచి నిలబడుతోంది. మా హోటల్లోనే దిగిన వేరేవాళ్లను వాళ్ల కంపెనీ వ్యాన్లు వచ్చి ఎక్కించుకుపోయాయి. మాకు మాత్రం ఐదు దాటాక ఆ రద్దు సందేశం వచ్చింది. మేడ మీదికి వెళ్లి చూస్తే లోయలోంచి ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. ఒక బెలూన్ మా మీదుగా ఎంత కిందుగా పోయిందంటే, బర్నర్ బుస్సుమన్న చప్పుడు ఆగగానే బుట్టలోని వాళ్ల నవ్వులు కూడా వినబడ్డాయి. "వాళ్లకో వాతావరణం, మనకో వాతావరణమా నాన్నా?" అంది అమ్మ.

ఫోన్ చేస్తే, "మీ సెక్టార్ వేరు, అక్కడ ఎర్ర జెండా" అన్నారు. బెలూన్లు ఎగిరే చోటును సెక్టార్లుగా, అంటే ప్రాంతాలుగా విడగొట్టిన మాట నిజమే. గోరెమె చుట్టుపక్కల లోయలు వేరు, సోగాన్లీ వేరు, ఇహ్లారా వేరు. కొన్ని చవక టికెట్లలో "కప్పడోకియా బెలూన్" అని పెద్ద అక్షరాలతో రాసి, చివరికి గోరెమె నుంచి గంటకు పైగా ప్రయాణం చేయించి ఇహ్లారాకు తీసుకెళ్తారు. ఆ లోయ కూడా బాగానే ఉంటుంది, కానీ మీరు ఫోటోల్లో చూసి ముచ్చటపడిన శంకువుల్లాంటి రాతి స్తంభాల గుంపు అక్కడిది కాదు. మా వోచర్ మీద మాత్రం గోరెమె అని స్పష్టంగా ఉంది. ఏ పూట ఏ సెక్టార్‌కు ఏ జెండా పడిందో బెలూన్లు ఎగిరే వేళలు చూసే, కప్పడోకియా విశ్వవిద్యాలయం నడిపే స్లాట్ కేంద్రం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. రిసెప్షన్‌లోని కుర్రవాడు తన ఫోనులో తీసి చూపించాడు, పచ్చ జెండా. ఫోటో తీసి ఏజెన్సీకి పంపితే మళ్లీ మాట మారింది. ఈసారి "సాంకేతిక కారణాలు" అట.

అసలు కథ ఆ కుర్రవాడే చెప్పాడు. బెలూన్లు నడిపే కంపెనీలు వేరు, టికెట్లు అమ్మే ఏజెన్సీలు వేరు. ఒక ఉదయం ఎన్ని బెలూన్లు లేవవచ్చో పరిమితి ఉంది. గాలి వల్ల వరుసగా ఆగిపోతే అన్ని రోజుల జనమూ తర్వాతి పచ్చ జెండా మీద పడతారు. అలాంటి రోజు సీటు ధర మామూలుకు రెట్టింపైనా కొనేవాళ్లుంటారు. నెలల ముందు తక్కువకు కొన్నవాళ్లు అప్పుడు ఏజెన్సీకి కంట్లో నలుసు. మాది ఏ కంపెనీ బెలూన్ అని డబ్బు కట్టే ముందే అడిగాము. "ముందు రోజు రాత్రి చెబుతాము" అన్నారు. ఆ రాత్రీ చెప్పలేదు. కిటుకంతా ఇక్కడే ఉంది. కంపెనీ పేరు చెప్పలేదంటే మీకు ఏ బుట్టలోనూ చోటు ఖాయం కాలేదన్నమాట.

అందుకే ఎగిరే కంపెనీ పేరు, బయలుదేరే ప్రాంతం, బుట్టలో ఎంతమంది, గాలిలో ఎంతసేపు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. 16 మంది బుట్ట అని చెప్పి 28 మంది బుట్టలో ఎక్కించారన్న ఫిర్యాదులు అక్కడ మామూలే. కంపెనీ పేరు తెలిశాక నేరుగా వాళ్లకే ఈమెయిల్ పంపి మీ పేర్లు జాబితాలో ఉన్నాయో లేదో అడగండి. జెండా పచ్చగా ఉండి కూడా రద్దు చేస్తే మొత్తం డబ్బు వాపసు ఇస్తామన్న మాట రాయించుకోండి. రాయనంటే ఇంకొకరిని చూసుకోండి. హోటల్ వాళ్లు చెప్పారు కదా అని నిశ్చింతగా ఉండవద్దు, వాళ్లకూ కమిషన్ ముడుతుంది. బెలూన్‌ను అక్కడ దిగిన తర్వాతి మొదటి ఉదయానికే పెట్టుకుని వెనక ఖాళీ రోజులు ఉంచుకోండి. మాకు ఆ మధ్యాహ్నమే ఇస్తాంబుల్ విమానం ఉంది. ఆ సంగతి ఏజెన్సీకీ తెలుసు. ప్రయాణ బీమా ఉంది కదా అనుకునేవారు పాలసీలో బెలూన్ ఉందో లేదో చూసుకోండి, చాలావాటిలో సాహస క్రీడల కింద మినహాయిస్తారు.

అన్నిటికంటే ముఖ్యం, క్రెడిట్ కార్డుతోనే కట్టండి. బ్యాంకు ఖాతాకు పంపితే తగ్గిస్తాము, చేతికి నగదు ఇస్తే ఇంకా తగ్గిస్తాము అని ఊరిస్తారు. ఆ తగ్గింపు తీసుకుంటే రేపు ఎవరినీ అడగలేరు. మాకు "సేవా రుసుము" కింద ఐదో వంతు కోసుకుని మిగిలింది ఇస్తామన్నారు, అదీ ఇవ్వలేదు. ఇంటికొచ్చాక వోచరు, వ్యాన్ వస్తుందన్న సందేశం, పచ్చ జెండా ఫోటో, మేడ మీద తీసిన వీడియో జతచేసి కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు వేశాము. అన్నాళ్లూ పలకని ఏజెన్సీ అప్పుడు తనంతట తానే సందేశం పంపింది. మొత్తం ఇచ్చేస్తాము, ముందు బ్యాంకు ఫిర్యాదు వెనక్కి తీసుకోండి అని. ఒకసారి వెనక్కి తీసుకుంటే మళ్లీ తెరిపించడం కష్టమని బ్యాంకువాళ్లు చెప్పారు. డబ్బు ఖాతాలో పడ్డాకే మాట్లాడదామని జవాబిచ్చాము. సందేశం చూసినట్టు నీలి టిక్కులు పడ్డాయి, డబ్బు ఇంకా పడలేదు.