క్లోన్ పిస్టలా, ఒరిజినలా: ఏది మేలు?

"1911 పిస్టల్ తీసుకోవాలనుంది, కోల్ట్ కంపెనీదే కావాలా, ఫిలిప్పీన్స్‌లో చేసినది సరిపోతుందా?" "చెక్ పిస్టల్ సీజెడ్ 75 మీద మనసు పడింది, కానీ అచ్చం అలాంటిదే టర్కీవాళ్ళు చవగ్గా ఇస్తున్నారు కదా?" షూటింగ్ రేంజ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి అడిగేది ఇదే. మోడల్ పేర్లు మారుతుంటాయి గానీ అనుమానం ఒకటే. డబ్బు పేరుకి పోస్తున్నామా, పనికి పోస్తున్నామా?

నిజానికి చాలామంది పోలిక మొదలుపెట్టే చోటే తేడా ఉంది. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద పాలిష్ ఎలా ఉంది, లోపల మిషన్ గీతలు కనబడుతున్నాయా, ట్రిగ్గర్ నొక్కితే గరగరమంటోందా అని చూస్తారు. ఇవన్నీ కంటికి, వేలికి వెంటనే తెలిసేవి. తొలి నెలలో వీటి గురించే మాట్లాడతాం, ఆ తర్వాత మర్చిపోతాం. కొన్ని వేల రౌండ్లు కాల్చాక వచ్చే తలనొప్పి వేరే. స్లైడ్‌ని తిరిగి ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ నీరసించిపోతుంది, ఏదో పిన్ను విరుగుతుంది, తూటాలు పెట్టే మ్యాగజైన్ పైఅంచులు సాగి రౌండ్లు సరిగ్గా ఎక్కవు. అప్పుడు బదులు సామాను ఎక్కడ దొరుకుతుంది? క్లోన్, అంటే వేరే కంపెనీ చేసిన నకలు, కొనొచ్చా వద్దా అన్నది నా దృష్టిలో తేలేది ఇక్కడే. కొలతలు తు.చ. తప్పకుండా పాటించిన కాపీ అయితే, ఆ డిజైన్‌కి ఎవరు ఎక్కడ ఏ పార్టు చేసినా అది మీకూ పనికొస్తుంది. కొలతలు మార్చేసిన కాపీ అయితే ఆ ఒక్క కంపెనీయే గతి. అది ఆ మోడల్ ఆపేసిన రోజు నుంచి మీ పాట్లు మీవి.

ఇది కొత్త సమస్యేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పిస్టళ్ళు చాలక ఫ్రాన్స్ పక్కనున్న స్పెయిన్‌ని ఆశ్రయించింది. ఎయిబార్ పట్టణంలోనూ, చుట్టుపక్కలా ఉన్న వర్క్‌షాపులు 'రూబీ' అనే పిస్టళ్ళను లక్షల్లో చేసి పంపాయి. బ్రౌనింగ్ 1903 మోడల్‌ని చూసి చేసిన నకలు అది. మొదట ఆర్డర్ అందుకున్నది గబిలోండో కంపెనీ. తనొక్కటే అన్నీ చేయలేక పని బయట పంచింది. ఆ తర్వాత మిగతావాళ్ళు కూడా ఎవరికి వాళ్ళు దిగారు. ఎవరి గేజీలు వాళ్ళవి కావడంతో ఒకరి మ్యాగజైన్ మరొకరి పిస్టల్లో పట్టేది కాదు. చివరికి ఏది ఎవరిదో తెలియడానికి పిస్టల్ ఫ్రేమ్ మీదా, మ్యాగజైన్ మీదా తయారీదారు గుర్తుగా రెండేసి అక్షరాలు కొట్టాల్సి వచ్చింది. కందకంలో చీకట్లో ఆ అక్షరాలు తడుముకునే సిపాయి అవస్థ ఎలా ఉండేదో మరి.

1911 కథ దీనికి పూర్తిగా ఎదురు. జాన్ మోజెస్ బ్రౌనింగ్ డిజైన్‌ని అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకుంది. 1985లో బెరెట్టా ఎం9ని ఎంచుకునేదాకా అదే వాళ్ళ పిస్టల్. రెండో ప్రపంచ యుద్ధంలో దీన్ని చేసింది కోల్ట్ ఒక్కటే కాదు. టైప్‌రైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్, రైల్వే సిగ్నళ్ళు చేసే యూనియన్ స్విచ్ అండ్ సిగ్నల్, షాట్‌గన్‌లు చేసే ఇథాకా కూడా చేశాయి. కుట్టుమిషన్ల సింగర్ సైతం 500 చేసి ఇచ్చింది. ఆ యుద్ధకాలంలో అందరికన్నా ఎక్కువ చేసింది రెమింగ్టన్ రాండ్, ఎనిమిది లక్షలకు పైగా. ఎవరు చేసినా పార్టులు ఒకరివి ఒకరికి ఇమడాలి, లేకపోతే సైన్యం తీసుకోదు. అంటే 1911లో ఒరిజినల్ అన్నది కంపెనీ పేరు కాదు, డ్రాయింగు. ఆ డ్రాయింగు ప్రకారం చేసినది మనీలా పక్కన తయారైనా, టర్కీలోని ట్రాబ్జోన్‌లో తయారైనా 1911యే.

అందుకే ఈ ఒక్క పిస్టల్ విషయంలో మొహమాటం లేకుండా క్లోనే తీసుకోమంటాను. ఫిలిప్పీన్స్ ఆర్మ్స్‌కోర్ వాళ్ళ రాక్ ఐలాండ్, టర్కీ టిసాష్ ఈ రెండూ పాత పద్ధతినే పట్టుకున్నాయి. అంటే కోల్ట్ 1980ల్లో సిరీస్ 80 పేరుతో కలిపిన ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే పిన్ను) అడ్డు వీటిలో ఉండదు. ఆ అడ్డు లేకపోతే ట్రిగ్గర్‌ని సాపు చేయించుకోవడం తేలిక. ఉంటే పిస్టల్ కిందపడ్డప్పుడు కొంచెం ఎక్కువ భరోసా. ఎవరి ఇష్టం వాళ్ళది. చైనా నోరింకో 1911లకు గట్టి స్టీలు అన్న పేరుంది. డ్రిల్ బిట్లు అరిగిపోతున్నాయని గన్‌స్మిత్‌లు తిట్టుకుంటూనే మెచ్చుకునేవాళ్ళు. 1994లో అమెరికా చైనా తుపాకుల దిగుమతి ఆపేశాక అక్కడ అవి పాత సరుకుగానే చేతులు మారుతున్నాయి.

చవక క్లోన్లలో లోటు లేదని కాదు. స్లైడ్ వెనక ఉన్న చిన్న పలకను కిందికి జరిపి తీస్తే ఎక్స్‌ట్రాక్టర్ బయటికి వస్తుంది. వేలెడు పొడవున్న సన్నటి స్టీలు కడ్డీ, కొనకి చిన్న కొక్కెం. కాల్చిన ఖాళీ కేసును పట్టి వెనక్కి లాగేది అదే. కడ్డీని జాగ్రత్తగా చూస్తే కాస్త వంపు కనబడుతుంది. దానికి వేరే స్ప్రింగ్ లేదు, ఆ వంపే స్ప్రింగ్. కాబట్టి అది మంచి స్ప్రింగ్ స్టీలుతో చేసి, సరిగ్గా వేడిచేసి చల్లార్చి గట్టిపరిచినదై ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి లోహపు పొడిని అచ్చులో పోసి కాల్చి చేసిన పార్టు పెడితే కొన్నాళ్ళకి ఆ బిగువు పోతుంది. ఖాళీ కేసులు ఒకసారి నెత్తిమీద, ఒకసారి మోచేతి మీద పడుతుంటాయి. ఇంకొన్నాళ్ళకి స్లైడ్‌లో ఇరుక్కోవడం మొదలవుతుంది. సైట్లు, గ్రిప్పులు ముందు మార్చేవాళ్ళని చూస్తుంటాను. 1911 క్లోన్ కొంటే ముందు మార్చాల్సింది ఈ ఎక్స్‌ట్రాక్టర్‌ని. మార్చగలం కూడా, ఎందుకంటే ఆ గాడి కొలత అందరిదీ ఒకటే. పెట్టగానే పనిచేస్తుందని అనుకోవద్దు, ఆకురాయితో కాస్త పని ఉంటుంది. అది కోల్ట్‌కి తెచ్చుకున్నా తప్పదు.

మరి కోల్ట్ ఎవరికి? తిరిగి అమ్మితే విలువ నిలవాలనుకునేవాళ్ళకి, సేకరించేవాళ్ళకి. ఇంకొక జాగ్రత్త. దూరం నుంచి 1911లా కనబడే స్పెయిన్ స్టార్ మోడల్ బి లాంటివి క్లోన్లు కావు. పిడి గట్టిగా పట్టుకుంటే తప్ప పేలనివ్వని గ్రిప్ సేఫ్టీ ఉండదు, ట్రిగ్గర్ పనిచేసే తీరే వేరు. ఆకారం చూసి అదీ ఇదీ ఒకటే అనుకుంటే దెబ్బతింటారు.

సీజెడ్ 75కి వచ్చేసరికి నా సలహా తలకిందులవుతుంది. ఫ్రాంటిషెక్ కౌట్స్కీ డిజైన్ చేసిన ఈ పిస్టల్ 1975లో చెకోస్లోవాకియాలో వచ్చింది. మామూలుగా స్లైడ్ ఫ్రేమ్‌కి బయటి నుంచి పట్టుకుని నడుస్తుంది, ఇందులో ఫ్రేమ్ పట్టాల లోపలి నుంచి నడుస్తుంది. స్లైడ్ ఎత్తు తగ్గి బ్యారెల్ చేతికి దగ్గరగా కూర్చుంటుంది. కాల్చినప్పుడు మూతి అంతగా పైకి లేవదు. పేటెంట్లను ప్రభుత్వం రహస్యంగా నమోదు చేసింది. రహస్యం కాబట్టి బయటి దేశాల్లో హక్కు అడగడానికి వీల్లేకపోయింది. ఇటలీలో టాన్‌ఫోలియో, స్విట్జర్లాండ్‌లో స్ఫింక్స్, ఇజ్రాయెల్‌లో జెరికో, టర్కీలో సార్‌సిల్మాజ్, కానిక్, చైనాలో నోరింకో... ఎవరి దారిన వాళ్ళు చేసుకున్నారు. మొదట్లో చేసినవాళ్ళకి డ్రాయింగు అందలేదు, తయారైన పిస్టల్‌ని విప్పి కొలుచుకున్నారు. తర్వాత ఎవరికి నచ్చిన మార్పులు వాళ్ళు చేశారు. సేఫ్టీని ఒకరు ఫ్రేమ్ మీద ఉంచారు, ఒకరు స్లైడ్ మీదికి తీసుకుపోయారు. జెరికో తొలి రోజుల్లో టాన్‌ఫోలియో భాగాల మీదే కట్టింది, అందుకే సీజెడ్ కన్నా దానికే దగ్గరి చుట్టం.

దీనివల్ల ఏమవుతుందో చెప్పడానికి ఒక్క పార్టు చాలు. ఫ్రేమ్ ఎడమ పక్క నుంచి లోపలికి దూరి, బ్యారెల్ కింది కొక్కెంలోంచి అవతలికి వెళ్ళే పిన్ను ఉంటుంది, దాని తలే స్లైడ్ స్టాప్, చివరి రౌండ్ అయ్యాక స్లైడ్‌ని వెనక ఆపి ఉంచే మీట. ప్రతి షాట్‌కీ బ్యారెల్ వచ్చి దాని మీదే గుద్దుకుంటుంది. సీజెడ్ తరహా పిస్టళ్ళలో ఎక్కువగా కాల్చేవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు విరిగేది ఇదే, మధ్యలోకి పుటుక్కున. అందుకే పోటీలకి వెళ్ళేవాళ్ళ సంచిలో ఇది ఒకటి అదనంగా ఉంటుంది. సీజెడ్ అయితే పక్క లైన్‌లో షూట్ చేస్తున్నవాళ్ళని అడిగినా దొరుకుతుంది. సీజెడ్‌ది టాన్‌ఫోలియోకి సరిపోదు. గ్రిప్పులూ అంతే, సైట్లూ అంతే. మ్యాగజైన్లు కొన్ని పడతాయి, కొన్ని పడవు. పడ్డవాటిలోనూ స్లైడ్ చివరి రౌండ్‌కి ఆగకపోతే ఆ చికాకు వేరు. పేరులో "సీజెడ్ 75 క్లోన్" అని ఉన్నంత మాత్రాన సీజెడ్ సామాను వాడుకోవచ్చనుకోకండి.

టాన్‌ఫోలియోకి మాత్రం న్యాయం చేయాలి. ఐపీఎస్‌సీ అనే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో అసలును మించిన నకలు ఏదైనా ఉందంటే అదే. ఫ్రాన్స్‌కి చెందిన ఎరిక్ గ్రాఫెల్ ప్రపంచ టైటిళ్ళు చాలావరకు టాన్‌ఫోలియో చేతబట్టే గెలిచాడు. బరువైన ఫ్రేమ్, ముక్కు దాకా నిండుగా ఉండే డస్ట్ కవర్ (బ్యారెల్ కింద ఫ్రేమ్ ముందు భాగం) లాంటివి పోటీవాళ్ళకి ఎంత పనికొస్తాయో టాన్‌ఫోలియో బాగా చూపించింది. సీజెడ్ 2016లో షాడో 2 అనే పోటీ పిస్టల్ తెచ్చింది, ఆ తర్వాత గ్రాఫెల్ కూడా సీజెడ్ వైపే వచ్చాడు. షాడో 2 వచ్చాక నా వరకు ఈ పోటీ తేలిపోయింది. సీజెడ్ కావాలనిపిస్తే సీజెడే కొనండి. టాన్‌ఫోలియోని అది క్లోన్ అని కాక, తన సామాను తనకున్న వేరే పిస్టల్ అని కొనాలి, అప్పుడు బాధ ఉండదు.

హై పవర్ సంగతి తమాషాగా ఉంటుంది. బ్రౌనింగ్ మొదలుపెట్టి పోతే, డ్యూడొనే సేవ్ పూర్తిచేసి, 1935లో బెల్జియం ఎఫ్ఎన్ నుంచి బయటికి వచ్చిన 13 రౌండ్ల 9ఎంఎం. రెండో యుద్ధకాలంలో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన మన 1ఏ ఆ వంశానిదే. 2018 నాటికి ఎఫ్ఎన్ తయారీ ఆపేసింది. తర్వాత 2021లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఎస్ఏ-35 అని, టర్కీ గిర్సాన్ ఎంసీ పీ35 అని క్లోన్లు వచ్చాయి. 2022లో ఎఫ్ఎన్ మళ్ళీ 'హై పవర్' పేరుతో ఒకటి తెచ్చింది, కానీ అది కొత్త డిజైన్, పాత మ్యాగజైన్లు దానికి పట్టవు. అంటే పేరు అసలువాళ్ళ దగ్గర ఉంది, పిస్టల్ నకలువాళ్ళ దగ్గర ఉంది. ఎస్ఏ-35 ఒక మంచి పని చేసింది. మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే పాత ఏర్పాటును పీకేసింది. హై పవర్ ట్రిగ్గర్ బరువుగా, ఈడ్చినట్టు ఉండడానికి సగం కారణం అదే. కాల్చుకోవడానికైతే ఎస్ఏ-35. పాత బెల్జియం పిస్టల్ బాగున్నది దొరికితే అది దాచుకోవడానికి.

బెరెట్టా 92, టారస్ పీటీ92 జంటలో టారస్‌ని కాపీ అనడం కొంచెం అన్యాయం. బ్రెజిల్ సైన్యం కోసం బెరెట్టా సావో పాలోలో పెట్టిన ఫ్యాక్టరీని టారస్ 1980లో మిషన్లతో సహా కొనేసింది. తొలి బెరెట్టా 92లో సేఫ్టీ ఫ్రేమ్ మీదే ఉండేది. బెరెట్టా దాన్ని స్లైడ్ మీదికి మార్చుకుంది, టారస్ అక్కడే ఉంచింది. స్లైడ్ లాగేటప్పుడు చేయి తగిలి సేఫ్టీ పడిపోయే చికాకు టారస్‌లో లేదు. అయినా నేను బెరెట్టానే అంటాను. ఈ డిజైన్‌లో అలసిపోయేది బ్యారెల్ కింద ఉండే లాకింగ్ బ్లాక్. దాన్ని అరుగుదల సామానుగానే లెక్కేసి మార్చుకుంటూ పోవాలి. బెరెట్టాకి అది సులువుగా దొరికినంతగా టారస్‌కి దొరకదు.

గ్లాక్‌లో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మూడో తరం పేటెంట్లు అయిపోయాక కాపీలు కుప్పలుగా వచ్చాయి. రూగర్ ఆర్ఎక్స్ఎం లాంటివి మూడో తరం గ్లాక్ 19 భాగాలకు సరిపోయేలా చేసినవే కాబట్టి సామాను బెంగ లేదు. గ్లాక్ పట్టు చేతికి కుదరనివాళ్ళు వాటిని చూడొచ్చు, కుదిరినవాళ్ళకి గ్లాకే చాలు.

టోకరేవ్ (టీటీ) రకంలో అసలు రష్యా పిస్టల్ కోసం వెతకడం సేకరణ పిచ్చి ఉన్నవాళ్ళ పని. మిగతావాళ్ళకి సెర్బియా జస్తావా ఎం57 బాగానే ఉంటుంది. కాకపోతే దాని పిడి కాస్త పొడుగు, మ్యాగజైన్‌లో తొమ్మిది రౌండ్లు. అసలు టీటీలో ఎనిమిదే. అమ్మేవాడు "టీటీ మ్యాగజైనే సార్" అంటే ఏ టీటీయో అడిగి, పిస్టల్లో పెట్టి లాక్ పడిందని చూసుకున్నాకే డబ్బు తీయండి.