పశ్చిమాసియా ఆయుధాలు: సోవియట్ నిషేధమా, త్రైపాక్షిక నియంత్రణా?

పశ్చిమాసియాకు ఆయుధాల సరఫరాను పరస్పరం మానుకుందామని 1957 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్ ప్రతిపాదించినప్పుడు, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాల ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. నిషేధానికి ఒప్పుకుంటే, 1955 నాటి చెకోస్లొవేకియా ఒప్పందంతో ఈజిప్టుకు మొదలైన సోవియట్ ఆయుధాల ప్రవాహానికి అడ్డుకట్ట పడేది. కానీ అదే ప్రతిపాదనలో సైనిక కూటములకు దూరంగా ఉండడం, విదేశీ స్థావరాలను తొలగించడం కూడా షరతులుగా ఉన్నందున బ్రిటన్, టర్కీ, ఇరాక్, ఇరాన్, పాకిస్తాన్‌ల సైనిక కూటమి అయిన బాగ్దాద్ ఒప్పందానికే ఎసరు వచ్చేది. ఈ మూడు దేశాలే 1950 మేలో చేసిన త్రైపాక్షిక ప్రకటన ప్రకారం, అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ మధ్య తామే సమతూకం చూసి సరఫరా చేసే దారిలో కూటమికి ఢోకా లేదు, మాస్కోను కట్టడి చేసే పట్టూ లేదు. పైగా, 1956లో బ్రిటన్, ఫ్రాన్స్‌లే ఇజ్రాయెల్‌తో కలిసి ఈజిప్టుపై చేసిన సూయెజ్ దాడి తర్వాత ఆ ప్రకటనకు మిగిలిన విలువ స్వల్పమే. మార్చిలో మూడు ప్రభుత్వాలూ ప్రతిపాదనను తిరస్కరించాయి. ఆయుధాల అంశం వరకైనా విడదీసి బేరమాడి ఉండవలసిందని నా అభిప్రాయం.