చిన్ని కళ్ల కోసం చేయించిన డీఎన్‌ఏ టెస్ట్: మా అనుభవం

చిన్ని మా జాక్ రస్సెల్ టెర్రియర్. మూడేళ్లు. దానికి డీఎన్‌ఏ టెస్ట్ చేయించడానికి కారణం వాళ్లమ్మ రాణి.

రాణికి ఐదో ఏట ఒకరోజు పొద్దున్నే ఎడమ కన్ను ఎర్రబడి, రెప్ప సగం మూసుకుని ఉంది. దుమ్ము పడిందనుకుని రెండు రోజులు ఇంట్లో ఉన్న చుక్కలే వేశాం. మూడో రోజుకు కంటి మీద నీలం పొర కమ్మేసింది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే ఆ కంటి చూపు పోయింది. లోపల లెన్స్‌ని పట్టి ఉంచే సన్నటి పోగులు తెగి, లెన్స్ ముందుకు జారి, కంట్లో ప్రెషర్ పెరిగిపోయిందట. ఇది వంశంలో వచ్చే జబ్బనీ, ఎక్కువగా 3 నుంచి 8 ఏళ్ల మధ్య బయటపడుతుందనీ, లెన్స్ ముందుకు జారితే గంటలు కూడా విలువైనవేననీ ఆ రోజే తెలిసింది. ఆ రెండు రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఈ జబ్బుకు కారణమయ్యే మార్పును 2010లో ఏడీఏఎంటీఎస్17 అనే జన్యువులో గుర్తించారు. మేం తెప్పించిన కిట్ దాన్నే పరీక్షిస్తుంది. కవర్‌లో పొడవాటి ఇయర్‌బడ్స్ లాంటి రెండు పుల్లలు, ఒక ఫారం ఉన్నాయి. తిండి పెట్టి గంట దాటాక, పెదవి పక్కకు లాగి, చెంప లోపలి వైపు పుల్లని గట్టిగా రుద్దాలి. కావాల్సింది చెంప లోపలి కణాలు, ఉత్త లాలాజలం కాదు. సూచనల కాగితంలో ఈ ఒక్క ముక్కా లేదు. రాణి శాంపిల్ సరిపోయింది కానీ, చిన్ని పుల్లకు లాలాజలమే అంటింది. "డీఎన్‌ఏ చాలలేదు" అని మూడు వారాల తర్వాత మెసేజ్ వచ్చింది. మళ్లీ కిట్ ఉచితంగానే పంపారు, కానీ ఆ మూడు వారాల టెన్షన్ మాకే తెలుసు.

ఫారంలో మైక్రోచిప్ (కుక్కని గుర్తుపట్టడానికి చర్మం కింద పెట్టే చిన్న చిప్) నంబరు తప్పనిసరిగా అడిగారు. ఇది నాకు బాగా నచ్చింది. నంబరు లేకపోతే ఆ రిపోర్టు ఏ కుక్కదో ఎవరు చెప్పగలరు?

ఆ జన్యువు తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తుంది. రిపోర్టులో రాణికి రెండు కాపీలూ చెడ్డవే, చిన్నికి ఒకటి. అంటే చిన్ని క్యారియర్, చెడ్డ కాపీ ఒక్కటే ఉన్న కుక్క. తల్లికి రెండూ చెడ్డవే కాబట్టి పిల్లకు ఒకటి ఎలాగూ వస్తుంది, తండ్రి నుంచి రెండోది రాలేదని తేలింది. ఈ సంగతి నాకు విడమరిచి చెప్పింది మా కంటి డాక్టరు. టెస్ట్ చేసిన సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే రిపోర్టులో ఉన్న వాక్యాన్నే మళ్లీ చదివి వినిపించారు. కళ్లు పోతాయేమోనని భయపడి ఫోన్ చేసిన మనిషికి అది చాలదు. క్యారియర్లలో కొద్దిమందికి జబ్బు రావచ్చు కాబట్టి ఏటా కళ్లు చూపించాలన్న మాట రిపోర్టు చివర చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి పేజీలో పెట్టాల్సిన మాట అది.

మొన్న చిన్నిని చూపించాం. చీకటి గదిలో సన్నటి లైటు వేసి, డాక్టరు నన్ను కూడా చూడమన్నారు. లెన్స్ వదులైతే కనుపాప చుట్టూ ఉన్న రంగు భాగం వణుకుతుందట. లెన్స్ పక్కకు జరిగితే అంచున నెలవంకలా సందు కనిపిస్తుందట. చిన్ని కంట్లో ఆ వణుకూ లేదు, ఆ సందూ లేదు. ప్రెషర్ కూడా మామూలుగానే ఉంది.

వందల జబ్బులు ఒకేసారి చూసే పెద్ద ప్యాకేజీ కూడా తీసుకోమన్నారు, నేను తీసుకోలేదు. వాటిలో చాలా మార్పులు వేరే జాతుల్లో కనిపెట్టినవి, ఈ జాతిలో అవి జబ్బు తెస్తాయని తేలలేదు. పైగా ఈ జాతిలో కనిపించే చెవుడు చెంప పుల్లతో తేలదు, దానికి చెవి దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టి చేసే బేర్ టెస్ట్ ఉంది. మోకాలి చిప్ప జారడమూ డాక్టరు చేత్తో పట్టి చూస్తేనే తెలుస్తుంది.

చిన్నికి పిల్లలు కావాలనుకుంటే జోడీ కుక్క ఈ టెస్ట్‌లో క్లియర్ అయి ఉండాలి, అంటే దానికి చెడ్డ కాపీ ఒక్కటీ ఉండకూడదు. అప్పుడు పిల్లల్లో ఏ ఒక్కదానికీ రెండు చెడ్డ కాపీలు రావు. క్యారియర్ అన్న కారణంతో మంచి కుక్కని పక్కన పెట్టేయడం నాకు సరైన పనిగా అనిపించదు.

చిన్నితో పాటు పుట్టిన మగకుక్క మా ఆడపడుచు ఇంట్లో ఉంది. తండ్రి కూడా క్యారియర్ అయి ఉంటే దానికి రెండు చెడ్డ కాపీలూ వచ్చి ఉండొచ్చు. "బాగానే ఉందిగా వదినా" అంటుంది తను. అదే సర్వీస్ నుంచి ఇంకో కిట్ తెప్పించాను. ఆదివారం పొద్దున, దానికి తిండి పెట్టకముందే వెళ్లి నేనే శాంపిల్ తీస్తాను.