నిద్ర గోళీలు ముక్కలు కత్తిరించి, బిల్లు లేకుండా ఇస్తే తీసుకోకండి. మా అమ్మకు ఏమైందో చదవండి

అన్నలారా, అక్కలారా, ముందు ఒక్క మాట. మీరుగానీ మీ ఇంట్లో పెద్దవాళ్ళుగానీ ఇప్పటికే రోజూ నిద్ర గోళీ వేసుకుంటుంటే, ఇది చదివి భయపడి ఈ రాత్రి నుంచే బంద్ పెట్టకండి. అట్లా ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే మా అమ్మ చావుదాకా పోయి వచ్చింది. డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, అమ్మ, తమ్ముడు ఊళ్ళోనే ఉంటారు. పోయిన దసరా తర్వాత నాయిన పోయినప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. రాత్రి రెండింటికి లేచి వాకిలి ఊడ్చేది, ఎవరో పిలిచినట్టుందని గేటు దాకా పోయి వచ్చేది, గుండె దడదడ అంటుందని ఛాతీ మీద చెయ్యి పెట్టుకొని తెల్లారేదాకా కూర్చునేది. మండల కేంద్రంలో ఒక మెడికల్ షాపు ఉంది. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇట్లా అమ్మేది ఆ ఒక్క షాపే కాదు. సంక్రాంతి ముందర తమ్ముడు అమ్మని బండి మీద అక్కడికి తీసుకుపోతే, చీటీ అడగలేదు, బీపీ ఉందా షుగర్ ఉందా అని అడగలేదు, స్ట్రిప్ కత్తెరతో కత్తిరించి 10 గోళీలు చిన్న కాగితం కవర్లో పెట్టి ఇచ్చాడు. "పడుకునే ముందు ఒక్కటి ఏస్కో అమ్మా, లైట్ డోసే, ఏం గాదు" అన్నాడట. 60 రూపాయలు తీసుకున్నాడు. అసలు ధర ఎంతో చూసుకుందామంటే ధర ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది.

ఆ రాత్రి అమ్మ నిద్రపోయింది. మూడు నెలల తర్వాత మొదటిసారి. మేమందరం ఎంత సంతోషపడ్డామో చెప్పలేను, తర్వాత్తర్వాత నేనే ఫోన్‌లో షాపతనికి డబ్బులు పంపి "అమ్మ గోళీలు తమ్ముడికి ఇయ్యండి" అనేవాణ్ణి. శివరాత్రికల్లా ఒక్కటి పనిచేయడం మానేసింది, రెండు వేసుకుంది. ఎండాకాలంలో మూడు. పొద్దున తూలుతూ నడిచేది, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది, ఒకరోజు బాత్రూంలో పడి మోకాలు వాచింది. 61 ఏళ్ళ మనిషి, పైగా నాయిన మీద బెంగ, అందుకే అనుకున్నాం. గోళీ వల్ల అని ఒక్కరికీ తట్టలేదు.

మృగశిర కార్తె దాటిన వారం షాపతని ఇంట్లో ఎవరో చనిపోయి ఐదు రోజులు షాపు మూసేశాడు. అమ్మ దగ్గర గోళీలు అయిపోయాయి. మొదటి రాత్రి నిద్ర లేదు, అది మాకు కొత్త కాదు కాబట్టి పట్టించుకోలేదు. రెండో రోజు చేతులు వణకడం, ఒళ్ళంతా చెమటలు, గోడ మీద ఏవో పాకుతున్నాయని అరవడం. పక్కింటి పెద్దమ్మ గాలి సోకిందేమో తాయత్తు కట్టించమంది. మూడో రోజు పొద్దున వాకిట్లోనే ఫిట్స్ వచ్చి నాలుక కరుచుకుంది. ఆమెకి జీవితంలో ఎన్నడూ ఫిట్స్ లేవు. 108 పిలిచి నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు, నేను ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కి పరుగున వచ్చాను.

అక్కడ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "కల్లు తాగుతదా?" మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఎందుకు అడుగుతారో మీకు తెలుసు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు అలవాటైన మనిషికి అవి ఒక్కసారిగా అందకపోతే ఇవే లక్షణాలు వస్తాయి. అమ్మ తాగదు అని చెప్పాం. రెండో ప్రశ్న: "ఏం గోళీలు వాడుతున్నరు? ఎన్ని మిల్లీగ్రాములు?"

మా దగ్గర జవాబు లేదు. ఐదు నెలలు ఆమె నోట్లో వేసుకున్న గోళీ పేరు మాలో ఒక్కరికీ తెలియదు! బిల్లు లేదు, చీటీ లేదు, షాపు మూసి ఉంది, అతని ఫోన్ స్విచ్ ఆఫ్. తమ్ముడు ఇంటికి పోయి అమ్మ పోపుల డబ్బా, దిండు కింద, చెత్తబుట్ట అంతా వెతికితే ఒక ఖాళీ ముక్క దొరికింది. దాని మీద ఉన్నది "జోలం" అన్న చివరి అక్షరాలు, పక్కన ఒక సున్నా, చుక్క. అది 0.25 అయినా కావచ్చు, 0.5 అయినా కావచ్చు. డాక్టరమ్మ అల్ప్రాజోలం అయ్యుంటుందని లెక్కవేసి, మెల్లగా పనిచేసే వేరే మందుకి మార్చి చూశారు. ఎంత వాడిందో తెలిస్తే ఎంత ఇవ్వాలో తేలిగ్గా తేలేది, తెలియక రెండు రోజులు ఆమె దగ్గరే కూర్చొని చూస్తూ డోసు సరిచేశారు. ఆ రెండు రోజులు మాకు ఎట్లా గడిచాయో దేవుడికే తెలుసు.

తర్వాత డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది మీకూ చెప్తున్నా. మెదడుని నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ఉంటుందట, ఈ గోళీలు దాని బలం పెంచుతాయి. అందుకే మొదటి రాత్రే నిద్ర వస్తుంది. కొన్ని వారాల్లోనే మెదడు దానికి అలవాటుపడిపోతుంది. అప్పుడు గోళీ లాగేస్తే బ్రేకులు తీసేసిన బండి లెక్క అయిపోతుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి ఇవి రాయరట, మేము ఐదు నెలలు మింగించాం. మద్యం తాగినవాళ్ళు, ట్రామడాల్ లాంటి గట్టి నొప్పి గోళీలు వాడేవాళ్ళు వీటిని కలిపి వేసుకుంటే నిద్రలోనే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

అమ్మకి అసలు కావలసిన మందు వేరే. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి టెన్షన్‌కి, దిగులుకి ఇస్తారు, అవి గుణం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. మన జనం మూడు రోజులు వేసుకొని "ఏం పనిచేస్తలేదు" అని మానేసి మళ్ళీ షాపు కత్తెర దగ్గరికే పోతారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

కొనేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలోది. 2014 మార్చి నుంచి ఇట్లాంటివి అమ్మితే షాపువాళ్ళు వేరే రిజిస్టర్‌లో డాక్టర్ పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో రాసి మూడేళ్ళు దాచాలి. మత్తుపదార్థాల చట్టం కిందికి కూడా వస్తుంది, అందుకే స్ట్రిప్ మీద ఎర్ర రంగులో ఎన్ఆర్ఎక్స్ (NRx) అని ఉంటుంది. చీటీ అడగకుండా ఇస్తున్నాడంటే మీ మీద దయతో కాదు. కత్తిరించి ఇచ్చినా సరే, పేరు, మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపు ముక్క అడగండి. ఇవ్వకపోతే పూర్తి స్ట్రిప్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బిల్లు లేకుండా మాత్రం బయటికి రాకండి, "చిన్న మొత్తానికి బిల్లెందుకు బిడ్డా" అంటే కూడా.

నిద్ర లేక, గుండెదడతో ఎవరైనా ఇంట్లో బాధపడుతుంటే షాపుకి పోయే ముందు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రి కూడా ఎత్తుతారు. పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది, పిచ్చి అంటారేమోనని సిగ్గుపడి ఆగకండి, మేము ఆగాం.

అమ్మ ఇప్పుడు నయం. పదిహేను రోజులకోసారి డోసు కొంచెం తగ్గిస్తున్నారు, తమ్ముడు క్యాలెండర్ మీద రాసి పెట్టాడు. మధ్యాహ్నం తర్వాత టీ బంద్, నిద్ర పట్టినా పట్టకపోయినా పొద్దున ఐదింటికే లేపుతున్నాం. షాపు మీద డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళకి ఫిర్యాదు రాయాలని మొన్న ఆదివారం కూర్చున్నాను. ఏ తేదీన ఏం కొన్నామో రాద్దామంటే నా ఫోన్‌లో పంపిన డబ్బుల లెక్కలు, ఆ "జోలం" ముక్క తప్ప ఇంకేమీ లేవు. వాటితోనే రాసి పంపిస్తున్నాను.